స్టాండ్‌బై మోటారును చేత్తో తిప్పితే బేరింగ్ బతుకుతుందా?

పంప్‌హౌస్ ఫిట్టర్:
మా పంప్‌హౌస్‌లో ఒకే ఫౌండేషన్ మీద మూడు పంపులున్నాయి. రెండు రాత్రీపగలూ నడుస్తాయి, మూడోది స్టాండ్‌బై, అవసరపడితేనే నడిపేది. నాలుగు నెలలు నడవకుండా ఉన్న ఆ మూడోదాన్ని మొన్న స్టార్ట్ చేస్తే మోటారులోంచి గరగరమని ఒకటే మోత. 6312 నంబరు బాల్ బేరింగ్ (రెండు రింగుల మధ్య ఉక్కు గోళీలు తిరిగేది) తీసి కిరోసిన్‌తో కడిగి చూశాం. బయటి రింగులో కింది వైపు మూడు గుంటలు, సరిగ్గా గోళీకీ గోళీకీ ఉన్నంత ఎడంలో. కడగక ముందు అక్కడ గ్రీజు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉంది.

బిగించేటప్పుడు సుత్తి దెబ్బ తగిలి ఉంటుందని మా ఇంజనీరు గారు రిపోర్టులో ‘ఫిట్టింగ్ లోపం’ అని రాశారు. బేరింగ్‌ను హీటర్ మీద వేడి చేసి ఎక్కించింది నేనే, సుత్తి ముట్టుకోలేదు. వారానికోసారి షాఫ్టును చేత్తో తిప్పుతున్నాం కూడా, లాగ్‌బుక్‌లో సంతకాలున్నాయి. తిప్పినా ఇలా అయిందంటే అసలు తిప్పడం వల్ల లాభముందా? వారానికోసారి కరెంటిచ్చి నడపాలా?

రీవైండింగ్ షాపు:
తమ్ముడూ, ముందు ఆ గుంట అడుగు చూడు. భూతద్దం, టార్చిలైటు చాలు. రింగును ఫ్యాక్టరీలో గ్రైండింగ్ చేసినప్పటి సన్నటి గీతలు గుంట అడుగున ఇంకా కనిపిస్తుంటే అది దెబ్బ తగిలి నొక్కుకుపోయిన గుంట. గీతలు చెరిగిపోయి ఉంటే లోహం అరిగిపోయిందన్నమాట, అది పక్క పంపుల వైబ్రేషన్ పని. ఎర్రపొడి కూడా ఆ మాటే చెబుతోంది. గోళీ ఉన్నచోటే సన్నగా ఊగుతుంటే మధ్యలో గ్రీజు పక్కకు పోతుంది, ఇనుము ఇనుముకు రాసుకుని రాలిన పొడి తుప్పుగా మారుతుంది. దీన్ని ఫాల్స్ బ్రినెల్లింగ్ అంటారు. బ్రినెల్ అనే స్వీడన్ ఇంజనీరు గట్టి గోళీని లోహం మీద నొక్కి, పడిన గుంటను కొలిచి గట్టితనం చెప్పే పరీక్ష పెట్టాడు. చూడ్డానికి అలాంటి గుంటే, కానీ నొక్కితే పడింది కాదు కాబట్టి ‘ఫాల్స్’.

మోటారుకు వీఎఫ్‌డీ (వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) ఉంటే మాత్రం ఇంకోటి చూడాలి. బేరింగ్‌లోంచి కరెంటు పారితే రింగు పొడవునా దగ్గర దగ్గరగా అడ్డచారలు పడతాయి. నువ్వు చెప్పింది అలా లేదు.

టర్బైన్ హాల్:
చేత్తో తిప్పడం లాగ్‌బుక్ నింపడానికే పనికొస్తుందని నా గట్టి అభిప్రాయం. 1930ల్లో అమెరికాలో కొత్త కార్లను రైలెక్కించి దూరప్రాంతాలకు పంపితే, ఒక్క మైలు నడవకుండానే చక్రాల బేరింగులు మోత పెట్టేవి. చలికాలంలో మరీ ఎక్కువ, గ్రీజు బిరుసెక్కి అరిగిన చోటికి మళ్లీ చేరదు కదా. ఆల్మెన్ అనే ఇంజనీరు 1937లోనే దీని మీద రాశాడు. చేత్తో ఒక చుట్టు తిప్పి వదిలేస్తే మిగతా ఆరు రోజులూ గోళీ మళ్లీ ఊగుతూనే ఉంటుంది. ఒకచోట లోతుగా పడే గుంట పదిచోట్ల పల్చగా పడుతుంది, అంతే. వారానికో పావుగంట నడపండి. అంతకంటే మంచిది, మూడు పంపులనూ వంతులవారీగా డ్యూటీలో పెట్టండి.

వైబ్రేషన్ కొలిచేవాణ్ణి:
పదిచోట్ల పల్చగా పడితే బేరింగ్ బతుకుతుంది సార్, లోతుగా పడితేనే చస్తుంది. కాబట్టి తిప్పడం దండగ అనకండి. ఎలా తిప్పుతున్నారన్నదే ప్రశ్న.

ఫిట్టర్ గారూ, తిప్పాక షాఫ్టును ఎక్కడ ఆపుతున్నారు? ముందుకు తిప్పి మళ్లీ వెనక్కి తెస్తే గోళీలు ఏ గుంటలోంచి లేచాయో ఆ గుంటలోకే వెళ్లి కూర్చుంటాయి. ఒకే వైపు పూర్తిగా ఒక చుట్టు తిప్పినా 6312కి పెద్ద తేడా రాదు. అందులో ఉన్నవి ఎనిమిది గోళీలు. షాఫ్టు ఒక చుట్టు తిరిగితే బయటి రింగు మీద ఒక చోటును దాటే గోళీలు దాదాపు 3.07. అంటే మూడు గోళీల దూరం జరిగి, పాత గుంటకు మూడు మిల్లీమీటర్ల అవతల నాలుగోది ఆగుతుంది. ఒకటిన్నర చుట్టు తిప్పితే 4.6 వస్తుంది, రెండు గుంటల మధ్య ఖాళీలో ఆగుతుంది. లోపలి రింగు లెక్క కూడా ఇలాగే కుదురుతుంది.

ఇక పావుగంట నడపడం సంగతి. డైరెక్ట్ ఆన్‌లైన్ స్టార్టర్ (మోటారుకు నేరుగా పూర్తి వోల్టేజి ఇచ్చేది) అయితే ప్రతి స్టార్టుకూ మామూలుకంటే ఐదారు రెట్ల కరెంటు వైండింగ్ మీద పడుతుంది. పైగా వాల్వులు తెరవాలి, ప్రొడక్షన్ వాళ్ల పర్మిషన్ కావాలి. వారం వారం ఎవరిస్తారు?

టర్బైన్ హాల్:
ఇవ్వకపోతే అడిగి తీసుకోవాలి. వారానికో స్టార్టుకు కాలిపోయే మోటారైతే అవసరానికి పనికిరాదు, ఆ సంగతి ముందే తెలియడం మంచిది. 3.07 లెక్క మాత్రం ఒప్పుకుంటున్నాను, నేనెప్పుడూ అలా చూడలేదు. కానీ మీరిద్దరూ ఫౌండేషన్ గురించి మాట్లాడటం లేదు. నడిచే పంపుల ఊపు మూడోదానికి ఎంత వస్తోందో ఆగి ఉన్న మోటారు మీద వైబ్రేషన్ ప్రోబ్ పెట్టి కొలవండి.

గ్రీజు గన్:
గ్రీజు కూడా మార్చి చూడండి. బేస్ ఆయిల్ (గ్రీజులో ఉండే నూనె) పల్చగా ఉండి, ఆయిల్ తేలిగ్గా వదిలే గ్రీజు ఇక్కడ నయం. ఏఎస్‌టీఎం (ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ) డి4170 అని ఈ అరుగుదలకే ఒక పరీక్ష ఉంది. బేరింగ్‌ను 12 డిగ్రీల మేర సెకనుకు 30 సార్లు చొప్పున 22 గంటలు ఊపి, ఎన్ని మిల్లీగ్రాములు తగ్గిందో తూస్తారు. సప్లయర్‌ను ఆ అంకె అడగండి.

పంప్‌హౌస్ ఫిట్టర్:
అందరికీ థాంక్స్. భూతద్దంతో చూశాను. గుంటల అడుగున గీతల్లేవు, పక్కన మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వీఎఫ్‌డీ లేదు.

తిప్పడం గురించి అడిగింది మాత్రం నన్ను పట్టుకుంది. మా షిఫ్టులో కుర్రాడు కప్లింగ్ (మోటారు, పంపు షాఫ్టులను కలిపేది) పట్టుకుని అర చుట్టు తిప్పి, కీవే (షాఫ్టులో కీ కూర్చునే గాడి) మళ్లీ పైకి వచ్చేలా వెనక్కి తెచ్చి వదులుతున్నాడు. అలా ఆపితే నీటుగా ఉంటుందని వాడికి నేర్పింది నేనే. ఈ రోజు కప్లింగ్ మీద ఎదురెదురుగా రెండు పెయింట్ గుర్తులు పెట్టాను, తెలుపు ఒకటి, పసుపు ఒకటి. ఈ వారం తెలుపు పైన ఉంటే వచ్చే వారం ఒకటిన్నర చుట్టు తిప్పి పసుపు పైకి తేవాలి. లాగ్‌బుక్‌లో సంతకం పక్కన రంగు కూడా రాయాలని చెప్పాను.

రిపోర్టులో ‘ఫిట్టింగ్ లోపం’ ఇంకా అలాగే ఉంది. రేపు బయటి రింగును కోయించి, ఆ ముక్కా భూతద్దమూ పట్టుకుని ఇంజనీరు గారి దగ్గరికి వెళ్తున్నాను.