కౌలు రైతుల సర్వేలో మన విలువలను ఎక్కడ ఆపాలి?

కౌలు రైతుల అప్పుల మీద ఇంటింటి సర్వేకి ప్రశ్నావళి తయారవుతోంది. మొదటి గడిలోనే చిక్కు: రైతు అంటే ఎవరు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారా, దున్నేవారా? తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది. అదే నిర్వచనం తీసుకుంటే కౌలుదారు లెక్కలోకే రాడు. సాగు చేసేవారే రైతు అని రాస్తే మన పక్షం ముందే తేలిపోతుంది.

ఏం పరిశోధించాలో విలువలు చెప్పవచ్చు, ఏం తేలిందో మాత్రం చెప్పకూడదన్నది జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ గీసిన గీత. అది ఈ నిర్వచనం దగ్గరే చెరిగిపోతోంది.

మిగతాచోట్ల దారి దొరికింది. “వడ్డీ వ్యాపారి దోపిడీ వల్ల ఎంత నష్టపోయారు?” అంటే జవాబును మనమే నోట్లో పెట్టినట్టు. “ఎవరి దగ్గర, ఎంత, నూటికి నెలకు ఎన్ని రూపాయల వడ్డీకి తెచ్చారు?” అని మార్చాం. భూయజమాని అరుగు మీద అడిగితే కౌలుదారు నోరు విప్పడు, అందుకే పొలం గట్టునే అడుగుతాం. మొదటి 20 ఫారాలను ఇద్దరు విడివిడిగా కోడింగ్ చేస్తారు, అంటే ఒక్కో జవాబును ఒక వర్గం (కోడ్) కింద చేరుస్తారు. తేడా వచ్చినచోట కోడ్ నిర్వచనాన్ని సరిచేస్తాం.

‘రైతు’ అన్న మాట నిర్వచనం దగ్గరే ఆగిపోయాం. రెండు నిర్వచనాలతోనూ పట్టికలు వేస్తే సరిపోతుందా? మన పక్షాన్ని నివేదికలోనే చెప్పాలా, లేక ఊళ్లో అడిగే ముందే చెప్పాలా? ముందే చెబితే భూయజమానులు జవాబివ్వడం మానేయరా? ఇలాంటి సర్వేలు చేసినవాళ్లు మీరు వాడిన ప్రశ్నలతో సహా చెప్పండి.