గ్రంథాలయానికి డీవీడీలా, బ్లూరేలా?

నమస్కారం. బొబ్బిలి దగ్గర మా ఊరి గ్రంథాలయంలో పాత తెలుగు సినిమాల డిస్కులు అరువివ్వడం మొదలుపెట్టాం. దాతల సొమ్ము కొద్దిగా మిగిలింది. ఇకపై డీవీడీలు కొనాలా, బ్లూరేలా?

బ్లూరే ఒక్కో పొరలో 25 జీబీ పడుతుంది, డీవీడీలో 4.7 మాత్రమే. బొమ్మ స్పష్టతలో పోలికే లేదు. కానీ డీవీడీ ప్లేయరులో బ్లూరే ఆడదు, మా పాఠకుల ఇళ్లలో ఉన్నవి అవే. అందుకే నా మొగ్గు డీవీడీల వైపు.

అసలు బెంగ గీతల గురించి. నిన్న తిరిగొచ్చిన డిస్కును కిటికీ వెలుతురులో పట్టి చూస్తే, వెలుపలి అంచు వెంబడి గోటితో గీసినట్టు వంకర గీత. సరిగ్గా పతాక సన్నివేశంలో బొమ్మ నిలిచిపోయింది. పిల్లలు ఎంత నిరాశపడ్డారో!

గ్రంథాలయాల్లో పనిచేసినవారు దయచేసి చెప్పండి: చేతులు మారే డిస్కుల్లో ఏ రకం ఎక్కువ కాలం నిలిచింది? గీతలు పడ్డవాటిని బాగుచేయించడం గిట్టుబాటవుతుందా?