టామ్ అండ్ జెర్రీలో అదే తరుముడు, అదే దెబ్బ... అయినా విసుగు ఎందుకు రాదు?

పెన్సిల్‌గీత: మా ఆరేళ్ల పాపతో కూర్చుని పాతవన్నీ వరసగా చూస్తున్నా. పిల్లి తరుముతుంది, ఎలుక తప్పించుకుంటుంది, పిల్లికి దెబ్బ పడుతుంది. పాపకి ముందే తెలుసు, అయినా పడీపడీ నవ్వుతుంది. ఎందుకంటారు? పిల్లలకి ఇన్ని దెబ్బలు చూపించొచ్చా?

రీలుబండి: ముందే తెలుసు కాబట్టే నవ్వు. రోడ్ రన్నర్ కార్టూన్ చూడండి. ఆ పక్షిని తరిమే కొయొటీ, అదే తోడేలు లాంటి జంతువు, కొండ అంచు దాటి గాల్లో నిలబడతాడు, కిందికి చూసేదాకా పడడు. 1949 నుంచీ అదే ఆట, పడే తీరే మారుతుంది.

తబలాశీను: సంగీతం ఊసే లేదేం? టామ్ మెట్ల మీంచి దొర్లితే సంగీత దర్శకుడు స్కాట్ బ్రాడ్లీ వాద్యాలూ దొర్లుతాయి. టామ్ పియానో కచేరీ చేసే 'ది క్యాట్ కాన్సెర్టో' చూడండి. ఆస్కార్ ఊరికే రాలేదు.

పాతరీలు: అది కాపీ కొట్టిందండీ! వార్నర్ స్టూడియో వాళ్ల బగ్స్ బనీ కార్టూన్ 'రాప్సొడీ రాబిట్' 1946లోనే వచ్చింది. అదే ఫ్రాంజ్ లిస్ట్ బాణీ, అలాగే పియానో, లోపల అలాగే ఓ ఎలుక.

తబలాశీను: రుజువుందా? వార్నర్, టామ్ అండ్ జెర్రీ తీసిన ఎంజీఎం, రెండు స్టూడియోలూ ఒకదాని మీద ఒకటి నింద వేసుకున్నాయి. ముందు విడుదలైనంత మాత్రాన ముందు పుట్టినట్టా?

పాతరీలు: 'రాప్సొడీ రాబిట్' తీసిన ఫ్రెలెంగ్ ఆ బాణీని 1941లోనే 'రాప్సొడీ ఇన్ రివెట్స్' అనే కార్టూన్‌లో వాడాడు. దానికి చెప్పండి జవాబు.

ఫ్రేములమాస్టర్: పదేళ్లుగా యానిమేషన్ నా వృత్తి, నేను చెప్తా వినండి. నవ్వు దెబ్బలో ఉండదు, దెబ్బకి ముందు ఆగడంలో ఉంటుంది. సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. పాత్రని ఓ పన్నెండు ఫ్రేములు బిగబట్టి నిలబెట్టాలి, దెబ్బ రెండు ఫ్రేముల్లో పడిపోవాలి. ఓ క్లయింట్ ఆ ఆగడం తీసేయమన్నాడు, తీసేశాం. సీన్ చచ్చిపోయింది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇద్దరిఅమ్మ: మీరు ఫ్రేములు లెక్కపెట్టుకోండి. మా పెద్దాడు అది చూసే తమ్ముణ్ణి అప్పడాల కర్రతో కొట్టాడు. నుదుటి మీద మూడు కుట్లు.

రీలుబండి: పిల్లాడు కొడితే కార్టూన్‌ది తప్పా? పక్కన పెద్దవాళ్లు ఉండొద్దూ?

ఇద్దరిఅమ్మ: నేను వంటింట్లో ఉన్నాను. మాట జాగ్రత్త.

పెన్సిల్‌గీత: అమ్మా, బాబుకి తగ్గిందా? దెబ్బల్లో తేడా ఉందని నాకూ అనిపించింది. ప్రాగ్‌లో 1961-62లో జీన్ డైచ్ అనే దర్శకుడు తీసిన 13 టామ్ అండ్ జెర్రీలు ఉన్నాయి కదా, వాటిలో యజమాని టామ్‌ని బాదుతుంటే పాప నవ్వలేదు, నా ఒళ్లోకి వచ్చేసింది.

ఫ్రేములమాస్టర్: అక్కడ దెబ్బ తిన్నవాడు మళ్లీ లేచి తరమడు, అందుకే.

పాతరీలు: శీనుగారూ, 1941 సంగతి ఇంకా తేలలేదు.