ఊరూరా షార్ట్ ఫిల్ములు: 20 రూపాయల టికెట్ పెట్టాలా, వద్దా?

బండి_తెర:
అందరికీ నమస్కారం. మేం ముగ్గురం ఒక చిన్న ట్రక్కులో ప్రొజెక్టరు, 12 అడుగుల తెర, రెండు స్పీకర్లు, జనరేటరు వేసుకుని మార్కాపురం, కంభం, గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్ళలో షార్ట్ ఫిల్ములు వేస్తున్నాం. అన్నీ తెలుగువే. పెద్ద బ్యానర్లు, నిర్మాతలు లేకుండా ఎవరికి వాళ్ళు సొంత డబ్బులతో తీసినవి. రాత్రికి ఆరు సినిమాలు, మొత్తం గంటన్నర. ఇప్పటికి 40 ఊళ్ళు తిరిగాం. ఇన్నాళ్ళూ ఫ్రీగానే వేశాం, చివర్లో హుండీ పెడతాం. మొన్న ఒక ఊళ్ళో 200 మంది దాకా చూశారు. హుండీలో 340 రూపాయలు పడ్డాయి. డీజిలుకే ఆ రోజు 800 అయింది. మనిషికి 20 రూపాయల టికెట్ పెడదామని నేను, వద్దని మిగతా ఇద్దరూ. మీరేమంటారు?

నేల_టికెట్:
తప్పకుండా పెట్టు తమ్ముడూ. మా నాన్నగారు టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరుగా చేశారు. డేరా లోపల ఇసుక మీద కూర్చుంటే నేల టికెట్, దాని వెనక బెంచి, ఆ వెనక కుర్చీ. ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైటు వేసేవాళ్ళు. ఒక్కడు కూడా లేచి ఇంటికి పోయేవాడు కాదు. ఎందుకంటే డబ్బులిచ్చి వచ్చాడు. ఊరికే వచ్చినదాన్ని జనం పావుగంట చూసి పోతారు.

1905లో సామికన్ను విన్సెంట్ రైల్వే ఉద్యోగం వదిలేసి ప్రొజెక్టరు కొని డేరా వేసుకుని ఊళ్ళు తిరిగాడు. మన రఘుపతి వెంకయ్యనాయుడు గారు 1910 ప్రాంతంలో బొమ్మతో పాటు శబ్దం కూడా వినిపించే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం పట్టుకుని బర్మా, సిలోను దాకా వెళ్ళారు. వాళ్ళెవరూ హుండీ పెట్టుకుని తిరగలేదు.

ఇంకో మాట. జనరేటరు ఎక్కడ పెడుతున్నావు? తెరకి కనీసం 100 అడుగుల దూరంలో, గోడ అవతల ఉండాలి. లేకపోతే మాటలు వినపడవు. షార్ట్ ఫిల్ములో మాటలే కదా ఉండేది.

పల్లెవెలుగు:
20 రూపాయలు ఎక్కువేమీ కాదు. మిరపకాయ బజ్జీలకే అంతకంటే ఎక్కువ పెడుతున్నారు.

ఎర్రనేల_కథలు:
నేను సినిమాలు తీస్తాను, అనంతపురం. నాదొక ప్రశ్న. టికెట్ పెడితే సినిమా తీసినవాళ్ళకి ఎంత ఇస్తారు? డీజిలు లెక్క రాశారు, హుండీ లెక్క రాశారు. మా లెక్క ఎక్కడా రాయలేదు.

ఎందుకు అడుగుతున్నానంటే, రెండేళ్ళ కిందట ఒక కాలేజీ వాళ్ళు నా సినిమా నన్ను అడగకుండా వేశారు. ఎవరో చెబితే తెలిసి మా అమ్మని తీసుకుని వెళ్ళాను. షూటింగ్ జరిగిన నాలుగు రోజులూ 11 మందికి మా అమ్మే వండింది. తెల్లవారుజామున మూడింటికి లేచి ఉప్మా చేసి క్యారియర్లు కట్టేది. చివరి టైటిల్స్‌లో ‘వంట’ అని వేసి ఆవిడ పేరు వేశాను. చూపిద్దామని పక్కన కూర్చోబెట్టుకున్నాను. కథ అయిపోగానే టక్కున ఆపేసి తర్వాతది వేసేశారు. ‘అయిపోయిందా అమ్మా?’ అంది. ఆ రోజు ఏం చెప్పాలో తెలియలేదు నాకు.

చట్టం_తెలుసుకో:
టికెట్ పెడితేనే చట్టం వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా చూపించే సినిమాకి సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి. ఫ్రీ అయినా అంతే. ఆట ఆడే చోటికి లైసెన్సు సంగతి 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం చూసుకుంటుంది. యూట్యూబ్‌లో ఉంది కదా అని ఊళ్ళో తెర మీద వేసే హక్కు మనకి రాదు. తీసినవాళ్ళని అడగాల్సిందే.

బండి_తెర:
అడుగుతున్నాం అండీ. ప్రతి సినిమాకీ తీసినవాళ్ళ అనుమతి కాగితం మీద ఉంది. సర్టిఫికెట్ మాత్రం అన్నిటికీ లేదు, ఒప్పుకుంటాను. దాని సంగతి చూస్తాం.

అక్కా, టికెట్ పెడితే మిగిలినదాంట్లో సగం ఆరుగురికీ సమానంగా పంచుదామని నా ఆలోచన. టైటిల్స్ గురించి కూడా నిజం చెబుతాను. మేమూ కొన్నిసార్లు కత్తిరించాం. అక్షరాలు రాగానే జనం లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెడతారు. చీకట్లో పిల్లలు, వైర్లు, టెన్షన్. తర్వాతది వెంటనే వేస్తేనే కూర్చుంటారు.

నేల_టికెట్:
అందుకే చెప్పాను, టికెట్ కొన్నవాడు లేవడు. జనరేటరు గురించి జవాబు రాలేదు. గోడ అవతల పెడుతున్నావా లేదా?

ఎర్రనేల_కథలు:
కత్తిరించాం అని ఇంత తేలిగ్గా ఎలా రాశారు! నేనిప్పుడే రాశాను మా అమ్మ సంగతి. దాని కిందే ‘మేమూ కత్తిరించాం’ అంటున్నారు.

సరే, ఇక అన్నీ మాట్లాడుకుందాం. మీరెవరో నాకు తెలుసు, నేనెవరో మీకు తెలుసు. మార్చిలో ఒక ఊళ్ళో నా సినిమా వేస్తామని చెప్పి ఎందుకు తీసేశారు? టైము సరిపోలేదన్నారు. టీ కొట్టులో కొంతమందికి వేరే గ్లాసు పెట్టడం గురించి ఆ సినిమా. 14 నిమిషాలే. అందులో చేసిన అమ్మాయి పెద్దమ్మది ఆ ఊరే. అమ్మాయిని తెర మీద చూడాలని వచ్చి ఆఖరిదాకా కూర్చుంది. అయిదే వేసి సర్దుకుని వెళ్ళిపోయారు. పొరపాటున చూసుకోలేదేమో అని ఆవిడ మర్నాడు ఫోన్ చేసి అడిగింది.

పల్లెవెలుగు:
చర్చ టికెట్ గురించి కదా, ఇదంతా ఎందుకు ఇక్కడ?

ఎర్రనేల_కథలు:
ఇది టికెట్ గురించే. ఆయన్నే చెప్పమనండి.

బండి_తెర:
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ఆ రోజు మా జనరేటరు పాడైంది. బడి ముందు స్థలం ఇచ్చింది, కరెంటు లైను ఇచ్చింది ఊళ్ళో ఒక పెద్దమనిషి. ఏమేం సినిమాలు వేస్తున్నారని సాయంత్రం నాలుగింటికి అడిగారు. చెప్పాను. ‘ఆ గ్లాసుల సినిమా వద్దులే, ఊళ్ళో లేనిపోని గొడవ’ అన్నారు. గట్టిగా కూడా అనలేదు, టీ ఇచ్చి మరీ అన్నారు. మేం ముగ్గురం, రెండు లక్షల సామాను, ఆయన కరెంటు. తీసేశాను. మీకు టైము లేదని అబద్ధం చెప్పాను. తప్పే.

టికెట్ పెడదామన్న పట్టుదల నాకు అప్పుడే వచ్చింది. డీజిలు లెక్క చెబితే అందరికీ త్వరగా అర్థమవుతుందని మొదట అది రాశాను. నాకు కావలసింది ఎవరి లైనూ, ఎవరి స్థలమూ అడగకుండా ఆట ఆడగలగడం. ఫ్రీ షో అంటే ఎవరో ఒకరి దయ మీద ఆడే షో. ఎవరి దయో వాళ్ళ మాట వినాల్సి వస్తోంది.

కొచ్చిలో_తెలుగు:
కేరళలో 1984లో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన స్నేహితులు ఒడెస్సా అని ఒక సమూహం పెట్టారు. ఊరూరా తిరిగి జనం దగ్గర చిన్న చిన్న చందాలు పోగుచేసి సినిమా తీసి, దాన్ని మళ్ళీ ఆ జనానికే చూపించారు. ఒక్కడి దగ్గర పెద్ద మొత్తం తీసుకోకుండా వందమంది దగ్గర తలా కొంచెం తీసుకుంటే మీరన్న ఇబ్బంది ఉండదు. గేటు దగ్గర టికెట్ అక్కర్లేదు, ముందురోజు ఇంటింటికీ వెళ్ళి అడగండి.

చింతచెట్టు_నీడ:
ఇంతవరకూ చదువుతూనే ఉన్నాను. ఆ వేరే గ్లాసు ఎవరికి పెడతారో వాళ్ళ వాడలోనే పుట్టాను నేను. టికెట్టా, చందానా అని మీరంతా మాట్లాడుకుంటున్నారు. తెర ఎక్కడ కడతారో ఒక్కరూ అడగలేదు.

మా ఊరికీ ఇలాంటి బండి ఒకటి వచ్చింది. రామాలయం ముందు కట్టారు. రావద్దని మమ్మల్ని ఎవరూ అనలేదు. కానీ మా ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళి ముందు వరసలో కూర్చోరు. రోడ్డుకి ఇవతల నిలబడి తెర వెనక నుంచి చూశారు. గుడ్డ తెర కాబట్టి బొమ్మ ఇటువైపూ కనపడుతుంది. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అందరూ ఎడమ చేత్తో అన్నం తింటున్నారేంటని మా చెల్లి అడిగింది. మీరు 20 రూపాయలు పెట్టి చుట్టూ తాడు కడితే మా వాళ్ళకి ఆ వెనక చోటు కూడా ఉండదు. ఇంటింటికీ వెళ్తామంటే మా ఇళ్ళకీ వస్తారా?

ఎర్రనేల_కథలు:
నేను కూడా ఇది ఆలోచించలేదు. ఆ ఊళ్ళో నా సినిమా వేసి ఉన్నా, ఆ పెద్దమ్మ ఎక్కడ కూర్చుని చూసేదో నాకు తెలియదు.

బండి_తెర:
ఈ 40 ఊళ్ళలో వాడలో తెర కట్టింది మూడుసార్లే. లెక్కపెట్టి చెబుతున్నాను. మిగతా అన్ని చోట్లా గుడి, బడి, పంచాయతీ ఆఫీసు. కరెంటు అక్కడ దొరుకుతుందని.

టికెట్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. చందా పద్ధతి చూస్తాం. మొదటి ఇల్లు వాడలోదే.

చింతచెట్టు_నీడ:
వచ్చే ముందు ఆడవాళ్ళని టైము అడగండి. మిరప కోతలప్పుడు ఏడింటికి ఎవరూ రాలేరు. ఎనిమిదిన్నర అవుతుంది.

ఎర్రనేల_కథలు:
మార్చిలో ఆపేసిన ఊరికి మళ్ళీ వెళ్ళేదాకా నా సినిమా ఇంకెక్కడా వెయ్యకండి. ముందు అక్కడ, టైటిల్స్ చివరి అక్షరం దాకా.

బండి_తెర:
సరే అక్కా. తేదీ ఖాయం కాగానే ఇక్కడే పెడతాను.

నేల_టికెట్:
తమ్ముడూ, ఆ ఊరికి సొంత జనరేటరుతోనే వెళ్ళు. బాగు చేయించావా? నేను ఒంగోల్లోనే ఉంటాను. ముందురోజు వచ్చి నేనే చూస్తాను, ఆ రాత్రి దాని పక్కనే కూర్చుంటాను.