పిల్లల బొమ్మల ప్రదర్శనతో కాలనీవాళ్ళు కలుస్తారా? సలహా కావాలి

ప్రశ్న: మా కాలనీలో ఎప్పట్నుంచో ఉంటున్నవాళ్ళకీ, పనికోసం వేరే చోట్లనుంచి వచ్చినవాళ్ళకీ పలకరింపుల్లేవు. పిల్లలచేత బొమ్మలు వేయించి ప్రదర్శన పెడదామని ఉంది. పాతికమంది దాకా వస్తారు. ఒక పాపకి చూపు లేదు, ఒక బాబు చక్రాల కుర్చీలో ఉంటాడు. ‘అందరం ఒక్కటే’ అని అంశమిచ్చి, బాగా వేసినవాళ్ళకి బహుమతులిస్తే సరిపోతుందాండీ?

జవాబు: ముందు ఆ బహుమతులు తీసేయండి. మేమూ ఒకసారి పెట్టాం. డ్రాయింగ్ క్లాసుకెళ్ళే ముగ్గురే మూడూ ఎగరేసుకుపోయారు. మిగతా పిల్లల అమ్మానాన్నలు మళ్ళీ మా ఛాయలకి రాలేదు.

ఆ అంశమూ వద్దండీ. భూగోళం చుట్టూ చేతులు పట్టుకున్న పిల్లల్ని పాతికమందీ వేసిస్తారు. అది పెద్దవాళ్ళని మెప్పించే బొమ్మ. ‘మా గుమ్మంలోంచి ఏం కనిపిస్తుంది?’ అని అడిగి చూడండి.

అసలు కలవాల్సింది ప్రదర్శన రోజున కాదు, బొమ్మ వేసేటప్పుడు. వేరువేరు గుంపులవాళ్ళు ఊరికే ఎదురుపడితే చాలదని అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే రాశాడు. సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, ఒకరికొకరి సాయం, పెద్దల అండ ఉండాలన్నాడు. అందుకే రెండోసారి పొడవాటి కాగితం ఒకటే పరిచి, కాలనీ పటం వేయమన్నాం. షరతు ఒక్కటే: నీ రోడ్డు పక్కవాళ్ళ రోడ్డుకి కలవాలి. ఒకడి రోడ్డు బెత్తెడు వెడల్పు, పక్కనున్న పిల్లది వేలెడు. ఒకరి భాష ఒకరికి రాదు. కాసేపు వేళ్ళతోనే పోట్లాడుకుని, చివరికి మధ్యలో వంతెన కట్టారు. ఆ వంతెన చూడ్డానికే రెండిళ్ళవాళ్ళూ వచ్చారు.

ప్రశ్న: బాగుందండీ. మరి చూపులేని పాప?

ఇంకొకరి జవాబు: చూపులేని పిల్లలతో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా. మట్టి ఇవ్వండి. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే బొమ్మల మాస్టారు వియన్నాలో చూపులేని పిల్లలచేత మట్టిబొమ్మలు చేయించాడు. పటంలో ఇళ్ళన్నీ ఆ పాప, ఇంకో ఇద్దరూ కలిసి మట్టితో చేస్తే సరి. రోడ్ల అంచులకి చిక్కటి జిగురు గీతలు పెట్టించండి, ఆరాక వేలికి తగులుతాయి. ‘తాకరాదు’ అన్న బోర్డు మాత్రం పెట్టకండేం!

కాగితం నేలమీద పరిస్తే కుర్చీలో బాబుకి అందదు, బల్లలమీద వేయండి. బల్ల కిందికి కుర్చీ దూరేలా ఉండాలి.

ఇంకోటి. బొమ్మ కింద ‘దివ్యాంగ బాలుడు’, ‘వలస కూలీ కూతురు’ అని రాయకండి. పేరు చాలు, అదీ ఆ పిల్లా, ఇంట్లోవాళ్ళూ సరేనంటేనే. రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. పిల్లల్ని అలంకారానికి నిలబెట్టడం కింది మెట్లలో ఒకటి, దాన్ని ఆయన భాగస్వామ్యంగానే లెక్కెయ్యలేదు. ఏ బొమ్మ ఎక్కడుండాలో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.

ప్రశ్న వేసినవారు: బల్లలు దొరికాయండీ. బహుమతుల డబ్బు మట్టికీ జిగురుకీ మళ్ళించాం. ఆ పాపవాళ్ళమ్మని రేపు కలుస్తున్నా.