వాపా, బలుపా, ‘ఇంతయై’యా?

బ్రాడీపేట: రేపు మా పిల్లలకి స్లయిడ్లు చూపించాలి. బీపీ వల్ల పెరుగుతున్న గుండె కండ, తొలి దశ. కణాల లెక్క దాదాపు పెరగదు, ఉన్న కణమే ఒళ్లు చేస్తుంది. ఇంగ్లిషు ‘హైపర్‌ట్రోఫీ’కి తెలుగులో ‘అతివృద్ధి’ అని రాసి కొట్టేశా. పొద్దుటి నుంచి పోతన వామనుడి పద్యం ‘ఇంతింతై వటుడింతై మఱియు’ నోట్లో ఆడుతోంది, ఎక్కడో కాలు జారుతోంది. అందించండి. మంచి మాటున్నా చెప్పండి.

తెనాలి: ‘ఇంతై’ కాదండీ, ‘ఇంతయై’. ఆ యకారం పోతే శార్దూలంలో జగణం పోయినట్టే.

సత్యనారాయణపురం: గణం కోసమే అంటే ఒప్పుకోను. ‘చంద్రుని కంతయై’ దగ్గరా అంతే, సరిగ్గా అదే చోట. ‘అంతై’ ఒక్క గెంతు. ‘అంతయై’ అంటే కాస్త ఆగి ఊపిరి తీసుకోవడం.

తెనాలి: అదే చోట అన్నారుగా! గణం కోసమేనని మీరే ఒప్పుకున్నారు.

గవర్నరుపేట: వాపును చూసి బలుపనుకోవద్దంటాం. ఇక్కడ జనం బలుపును చూసి వాపంటున్నారు. మా ఎదురింటాయనకి ఎకోలో గోడ మందమైందన్నారు. ‘గుండె వాచిందట’ అని ఇంటిల్లిపాదీ ఏడుపు. ‘గుండె బలుపు’ అని రాసేయండి.

బ్రాడీపేట: క్లాసంతా నవ్వుతుంది సార్. పైగా రెండు రకాలు. బీపీకి ఎదురునెట్టే గుండెలో సార్కోమియర్లు, అంటే కణంలో ముడుచుకునే చిన్న చిన్న ముక్కలు, పక్కపక్కన చేరతాయి, కణం లావెక్కుతుంది. వాల్వు లీకై రక్తం ఎక్కువగా నిండుతుంటే ఒకదాని కొసన ఒకటి చేరతాయి, కణం పొడుగవుతుంది. లావెక్కిన కణంలో కేంద్రకం ముదురు రంగులో, మూలలు తేలి, బెజవాడ యార్డులో గూడ్సు పెట్టెలా కనిపిస్తుంది. ఇంగ్లిషులోనూ దాన్ని బాక్స్‌కార్ అనే అంటారు.

సత్యనారాయణపురం: ఇంకేం! ‘ఇంతింత’ పక్కపక్కన చేరింది, లావు. ‘ఇంతయై’కి ఒక అక్షరం తగిలింది, పొడుగు.

తెనాలి: అన్నీ పోతనలోనే ఉన్నాయష!

అరండల్‌పేట: గ్రీకులో ట్రోఫీ అంటే పోషణ. ‘అతిపుష్టి’ అనాలి. అన్నట్టు, పద్యంలో ప్రభారాశి, అంటే సూర్యుణ్ణి, దాటాక చంద్రుడేమిటి?

తెనాలి: భాగవతం లెక్కలో చంద్రుడు సూర్యుడికి పైనే, 5వ స్కంధం చూడండి. పుష్టి అంటే రోగి సంతోషించి ఇంటికెళ్తాడు. పద్యం చివర ‘సంవర్ధియై’ ఉంది, వృద్ధి ధాతువే. కొట్టేసింది మళ్లీ రాసుకోండి. అయినా అసలు రుచి తర్వాతి పద్యంలో ఉంది. ‘రవిబింబంబుపమింప’... సూర్యుడు ముందు గొడుగు, ఆపైన తలమీద రత్నం, చెవికి నగ, మెడలో హారం, చివరికి కాళ్ల కింద పీట. వటుడు ఎంత పెరిగాడో కొలిచి చెప్పడు, సూర్యుణ్ణి దించుకుంటూ వస్తాడు.

బ్రాడీపేట: మేమూ అదే పని చేస్తాం మాస్టారూ. పక్క నాళంలో ఎర్ర కణం ఒకటి దొరికితే అదే మా సూర్యుడు. సుమారు 7 మైక్రాన్లు. కండ కణం దానికి ఎన్ని రెట్లుందో చూస్తాం.

తెనాలి: ఆహా! అయితే రేపు ఆ పద్యంతోనే మొదలుపెట్టండి.

బ్రాడీపేట: సరే. మరి స్లయిడు మీద ఏం రాయను?

సత్యనారాయణపురం: ఆ ఊపిరి సంగతి మాత్రం నేనింకా వదల్లేదు.