సర్వర్‌లో వేసిన డెస్క్‌టాప్ గ్రూపును తీసేయడం సురక్షితమేనా?

అందరికీ నమస్కారం. రాకీ లైనక్స్ 9 మినిమల్‌గా వేసిన సర్వర్ ఒకటి చూసుకుంటున్నాను. 4 జీబీ ర్యామ్, అందులో డేటాబేస్ నడుస్తోంది. ఒక ఇన్‌స్టాలర్‌కి గ్రాఫికల్ తెర తప్పనిసరి కావడంతో డీఎన్‌ఎఫ్‌తో (ప్యాకేజీలు వేసే, తీసే టూల్) ‘సర్వర్ విత్ జీయూఐ’ అనే డెస్క్‌టాప్ ప్యాకేజీల గ్రూపు వేశాను. రీబూట్ చేస్తే మళ్లీ అదే నల్ల తెర. సిస్టమ్‌సీటీఎల్ గెట్-డిఫాల్ట్ కొట్టి చూస్తే డిఫాల్ట్ ఇంకా మల్టీ-యూజర్ టార్గెట్టే (డెస్క్‌టాప్ లేని టెక్స్ట్ మోడ్). దాన్ని మార్చకుండా, ఐసొలేట్ కమాండ్‌తో అప్పటికప్పుడు గ్రాఫికల్ టార్గెట్‌కి వెళ్తే గ్నోమ్ డెస్క్‌టాప్ వచ్చింది, పనీ అయిపోయింది.

నా భయమంతా ఇప్పుడే. ఆ రోజు మెషీన్ దగ్గరే ఉన్నాను, ఇకపై ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్) ఒక్కటే దారి. గ్రూప్ రిమూవ్ ఇస్తే నెట్‌వర్క్ మేనేజర్ లాంటివీ దాంతోపాటు పోతాయా? డీఎన్‌ఎఫ్ హిస్టరీలో ఆ ట్రాన్సాక్షన్ నంబరు పట్టుకుని అన్‌డూ చేయడం మేలా? ఆ తర్వాత కొన్ని అప్‌డేట్లు కూడా వేశాను, అదే నా సందేహం.

లేదంటే అలాగే వదిలేయనా? మల్టీ-యూజర్‌లో జీడీఎం (గ్రాఫికల్ లాగిన్ తెర) లేవదు కాబట్టి ర్యామ్ భారం ఉండదనుకుంటున్నాను. కానీ వాడని ప్యాకేజీలన్నిటికీ సెక్యూరిటీ అప్‌డేట్లు వేస్తూ కూర్చోవడం నాకు నచ్చడం లేదు. నిజంగా చేసి చూసినవాళ్లు ఏ వరుసలో చేశారో చెప్పండి. డేటాబేస్ ఆగకూడదు.